లేవని రోమన్ సైనికుడు

లియేజ్, నవంబరు

మహాలక్ష్మీ సమానురాలైన జెర్మెన్ అక్క గారికి, లాటిన్‌లో పట్టా పుచ్చుకుని ఎందుకూ కొరగాకుండా పోయిన తమ్ముడు రెమాక్ల్ వంగి వంగి దండం పెట్టి రాసేది. ఇక్కడ నాన్న, నేను, పిల్లి క్షేమం. పిల్లి సంగతి మాత్రం నిజం.

నాన్న తింటున్నాడా అని అడిగావు. సూప్ ముందు కూర్చుంటున్నాడు. కొత్త బొమ్మల కథల పుస్తకం అయ్యిందా అనీ అడిగావు. దాని గురించే ఈ గోలంతా.

నాన్న బొమ్మలకి అమ్మ పోయేముందు రాసిపెట్టిన మాటలు అయిపోయాయి. మిగతా కథ నేను రాస్తున్నాను. కథలో బట్టలుతికే క్లోదియా రోమన్ దండును రేవులో ఉతికి ఆరేసే ఘట్టం నాన్న బ్రహ్మాండంగా గీశాడు. చెప్పులు నేలమీదే ఉండగా మనుషులు గాల్లోకి లేచారు. అందులో ఒక్కడు మాత్రం కిందపడి, ఆ తర్వాతి గడిలో కూడా అలాగే పడి ఉన్నాడు.

మన బొమ్మల కథల్లో చావు లేదు కదా. దెబ్బ తిన్నవాడు నెత్తిన బొప్పితో లేచి సణగాలి. ఆ సణుగుడు రాయడంలో అమ్మను మించినవాళ్ళు లేరు.

ప్రచురణకర్త మదాం పీరార్ ఫోన్ చేసింది. "ఏమయ్యా, వాడు చచ్చాడా ఏంటి? పిల్లలు చదివే పుస్తకమయ్యా!"

నాన్న వాడి తలమీద పెన్సిల్‌తో ఖాళీ మాటల బుడగ గీశాడు. "లేచి ఏమంటాడో చెప్పరా. లేపుతాను."

"'ఈ జీతానికి ఈ తన్నులు కూడానా!' అంటాడు."

"ఊహూఁ."

"'నా పళ్ళెవరైనా చూశారా?'"

"మీ అమ్మ ఇలా రాయదురా."

"నేను అమ్మను కాదు కదా నాన్నా!"

నాన్న పెన్సిల్ పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాడు. బుడగ మాత్రం అలాగే ఉంది.

అక్కా, ఇందాకటి నుంచీ నాన్చుతున్నది ఇదే. నిన్న, దెబ్బకి కళ్ళు తిరిగాయంతే అన్నట్టు వాడి తల చుట్టూ చుక్కలు గీద్దామని కుంచె సిరాలో ముంచాను. అమ్మ అయితే ఏమనేదో ఎంత తలుచుకున్నా ఆమె గొంతు వినపడలేదు. వెధవ జోకులకి కొదవలేని నాకూ ఒక్కటీ తట్టలేదు. చుక్కలు గీయకుండా వాడి కళ్ళు మూసేశాను. సిరా ఆరిపోయింది.

నాన్న వచ్చి చూశాడు. తిట్టలేదు. రబ్బరు తీసుకుని ఆ బుడగను మెల్లగా తుడిచేశాడు. పొట్టు ఊదేసి, "మదాం పీరార్‌కి పంపించెయ్" అన్నాడు.

అమ్మ మాట వినపడితే వాడు లేస్తాడని ఇన్నాళ్ళూ కాచుకుని కూర్చున్నది ఆయనేనని అప్పటిదాకా నాకు తెలియలేదక్కా.

ఇట్లు,
నవ్వించడం చేతకాని
నీ తమ్ముడు