డ్యూటీ బోర్డు మీద మూలకణాలు

నాన్నగారికి,

మీ సంవత్సరీకానికి బిలాస్‌పూర్ వచ్చిన తమ్ముడు నిన్న రైల్వే క్లబ్బులో ప్రసంగించాడు. భౌతికశాస్త్రం చదివిన వాడు ఇప్పుడు మన ఒంట్లో కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఎలా ముసలివవుతాయో కంప్యూటర్‌లో నమూనాలు కట్టి చూస్తున్నాడు.

"అవన్నీ ఒకేసారి పనిచేయవు. ఎక్కువసేపు విశ్రాంతి తీసుకున్నదానికే ముందు పిలుపు. డ్రైవర్లకు డ్యూటీలు వేసే మా నాన్నగారి బోర్డు నుంచే నాకీ ఆలోచన వచ్చింది" అన్నాడు. హాలంతా చప్పట్లు.

నేను మాత్రం కొట్టలేదు. మీ తర్వాత ఇరవై ఏళ్లుగా ఆ బోర్డు ముందు కూర్చున్నది నేను. చిన్నప్పుడు వాడికి ఆ పద్ధతిని పలక మీద గీసి నేర్పిందీ నేనే. మీరు గోల్ బజార్‌లో ఎవరు కనబడినా వాడి చదువు గురించే చెప్పేవారు. రాత్రి కళాశాలలో నేను తెచ్చుకున్న పట్టా సంగతి ఎత్తేవారు కారు.

బయటికొచ్చాక వాడడిగాడు: "ఏటన్నయ్యా, అలాగున్నావు? తప్పేటైనా చెప్పీసేనేటి?"

"లేదురా, సరిగ్గానే చెప్పినావు."

వాడు తలచుకున్నది మీ పేరు. దాన్ని కొట్టేసి నా పేరు పెట్టమని అడగలేకపోయాను. నేర్పింది నేనని మీకైనా తెలియాలి.

ఇప్పటికీ ఆ బోర్డు ముందే ఉన్న
మీ పెద్దకొడుకు