విబూది గీతలు

గురువారం రాత్రి

ఈరోజు నాణేల కొట్టు సుబ్బారావు గారు నాకు పరీక్ష పెట్టారు. రాజు బొమ్మ ఉన్న పాత వెండి రూపాయలు రెండు ముందుపెట్టి, "వీటిలో ఏది మెరుగో చెప్పండమ్మా" అన్నారు. ఒకటి తళతళలాడుతోంది, రెండోది నల్లబడి ఉంది. కొత్తలో అయితే మెరిసేదే పట్టుకునేదాన్ని. ఇవాళ రెంటినీ అంచులు పట్టుకుని, లైటు కింద అటూ ఇటూ వంచి చూశాను. మెరిసేదాని నిండా సన్నటి గీతలు. మా ఇంట్లో వెండి కుందుల మీద రోజూ చూసే గీతలే!

"దీన్నెవరో విబూదితో తోమేశారండీ. తోమినదానికి మంచి గ్రేడు రాదు కదా! నల్లదే మెరుగు. కిరీటం మీద నగిషీ ఇంకా పదునుగా ఉంది."

"అబ్బో, విబూది అని కూడా పట్టేశారే! అది నేను నేర్పలేదండీ" అన్నారాయన. బెంజి సర్కిల్ దాకా ఆటోలో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య రేపటి పూజకి లక్ష్మీదేవి పటం ముందు పెట్టే వెండి రూపాయి తోముతున్నారు. విబూదితోనే! ఆవిడ పెళ్లిలో వాళ్లమ్మ ఇచ్చిన రూపాయి అది. రాజు ముఖం ఎప్పుడో నున్నగా అరిగిపోయింది. ఇకనైనా తోమొద్దని చెప్పాలా? చెబితే ఆవిడ మనసు...

"ఏమ్మా, నీ నాణేల చదువులో దీనికెన్ని మార్కులు?" అంటూ చేతికిచ్చారు.

లైటు కింద వంచి చూశాను. గీతలన్నీ గుండ్రంగా, అత్తయ్య బొటనవేలు తిరిగినట్టే ఉన్నాయి. కొట్లో రూపాయిని తోమిందెవరో నేను చెప్పలేను. దీన్ని మాత్రం ఎక్కడ చూసినా చెప్పేస్తాను.