హ్యాండ్ గేర్ తీసేయమన్నాను

ఆదివారం, ఎల్బీ నగర్

ఈ రోజు నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. యాక్సిడెంట్‌లో ఎడమ కాలు చచ్చుబడిన నా బంగారుతల్లి సుజాత మళ్లీ కారు నడుపుతానంది. దిల్‌సుఖ్‌నగర్ మెకానిక్ మా పాత అంబాసిడర్ చూసి, "ఆటోమేటిక్ పెడితే క్లచ్ తొక్కే పనుండదు కాకా. గని గేర్ రాడ్ నడిమిట్లకొస్తది, ముందు సీటు రెండు ముక్కలు కొయ్యాలె" అన్నాడు.

స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేర్ కాబట్టి ముందు సీటంతా ఒకటే. చనిపోయిన నా భార్య ఎప్పుడూ మధ్యలోనే, నన్ను ఆనుకుని కూర్చునేది.

"అమ్మ జాగ కొయ్యకు నాయినా. ఉన్నదే ఉంచు, నువ్వే నడుపు" అంది సుజాత.

"నేనెన్నాళ్లు నడుపుత బిడ్డా" అన్నాను.

మెకానిక్‌కు సీటు కోసేయమని చెప్పాను. అతను రంపం తెచ్చేలోపు స్టీరింగ్ ముందు, కాస్త డోర్ వైపుకు జరిగి కూర్చున్నాను.