బీరువా తలుపు మీది గీతలు

పిన్నిగారికి,

తాళాలు చేతికిస్తూ "పిన్నీ అని పిలువమ్మా" అన్నారు కాబట్టి ఇంకా అలాగే పిలుస్తున్నాను. ఇల్లు కొని మూడు నెలలైనా కాలేదు. 

మొన్న వంటింటి గోడ బీరువా సర్దుతున్నాను. ఇల్లంతా కొత్త రంగు వేయించారు గానీ ఆ తలుపు లోపలివైపు వదిలేశారు. అక్కడ మీ పిల్లలు ఏటేటా ఎంత ఎదిగారో పెన్సిలు గీతలున్నాయి. పక్కన "పెద్దది", "చిన్నోడు" అని రాసుంటే ముచ్చటేసింది. అన్నిటికన్నా పైన ఇంకో గీత ఉంది. దాని పక్కన మీ దస్తూరీతోనే "వాగు" అని ఉంది.

మా పాపని ఆ తలుపుకి ఆనించి నిలబెట్టాను. ఆ వాగు గీత దాని తలకి జానెడు పైనుంది.

"వాగు పెరటి వెనకే గానీ, ఏనాడూ మన గడప తొక్కలేదమ్మా" అన్నారే! అమ్మకం కాగితంలో "ఇంట్లోకి ఎప్పుడైనా వరద వచ్చిందా?" అన్నచోట "లేదు" అని రాసి సంతకం పెట్టారే!

మా ఆయనకి చూపించాను. ఆయన వెంటనే బజారుకెళ్ళి రంగు డబ్బా తెచ్చారు. "మనమూ ఎవరికో అంటగట్టేద్దాం, నువ్వు నోరు మెదపకు" అన్నారు. ఆదివారం బ్రోకరు తీసుకొచ్చేవాళ్ళకి చంటిపిల్ల ఉందట.

అలాంటి కాగితమే, ఈసారి మేం నింపాల్సింది, ఇప్పుడు నా ముందుంది. ఆ ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మీది ఎంతసేపు ఆగింది, పిన్నిగారూ?

ఇట్లు,
మీ ఇల్లు కొన్న అమ్మాయి