నిండు చెంబు

తమ్ముడూ,

ఫోన్‌లో చెబితే పక్కనున్న బాపు వింటాడని, దుబాయ్ వస్తున్న సంపత్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు పంపిన సామాన్లు వేసి మెకానిక్ మన ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్‌ను కొత్తగా చేశాడు. గేర్లు టకటకా మారుతున్నాయి, మంచి పికప్ వచ్చింది. కానీ గేరు మారినప్పుడల్లా ఒక కుదుపు. నాకు తొమ్మిదో నెల కదా, బాపు నన్ను ఎక్కించుకోనన్నాడు.

"బొగ్గుబాయిల మనుషులను దించే లిఫ్టు నడిపిన. ఒక్కన్ని గూడ కుదపలే. నా బిడ్డనెట్ల కుదుపుత?"

పాత తీరుగానే చేయించమని నీకు చెబుతానంటే ఒప్పుకోలేదు. "పిలగాడు మోజుతోని చేయించిండు. వానికేం చెప్పకు."

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే ఒక్కడే కారు తీస్తున్నాడు. వెనక సీటు మీద నీళ్లు నిండుగా పోసిన చెంబు పెట్టుకుని, బెల్లంపల్లి నుంచి మంచిర్యాల దాకా పోయి వస్తాడు. వచ్చాక తడిసిన సీటు తుడవడం అవ్వ పని.

బండి ఎట్లుందని నువ్వడిగితే మస్తుందంటాడు. నమ్మినట్టే ఉండు.

ఇవాళ తుడవబోయిన అవ్వ పొడి గుడ్డతోనే తిరిగొచ్చింది. రేపు డాక్టరు దగ్గరికి పోవాలి. చెంబు పెట్టిన చోట నేను కూర్చుంటాను.

మీ అక్క