నీ చెయ్యి వదల్లేదు

చిరంజీవి టూరున్‌కు అమ్మమ్మ దీవించి రాస్తున్నది.

నీ ఎడమ చెయ్యి నీకు చెప్పకుండా పట్టు వదిలేసిందని కిందటి ఉత్తరంలో రాశావు. వదల్లేదు. ఇది ఓదార్పు కాదు, ఓదార్చడం నాకు చేతకాదని నీకు తెలుసు. నా దగ్గర రుజువు ఉంది. కానీ అది చెప్పాలంటే నా సంగతి ఒకటి బయటపెట్టాలి, దానికి కొంచెం ధైర్యం కూడగట్టుకోవాలి. అందుకని ముందు క్షేమ సమాచారాలు.

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. మీ అమ్మ కూడా బాగానే ఉంది, అంటే పొద్దున్నుంచి ఎవర్నో ఒకర్ని తిడుతూనే ఉంది. నా మోకాలి గురించి అడిగావు. మెట్లెక్కేటప్పుడు గుర్తు చేస్తుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. అంత ఉత్తరాన మీ కిరూనాలో చలికాలానికి సూర్యుడు కనిపించడమే మానేశాడని రాశావు. మన దీవికి వస్తున్నాడు గానీ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గుమాస్తాలా సంతకం పెట్టేసి వెళ్ళిపోతున్నాడు. నువ్వు లేవు కదా అని ఈసారి కుంకుమపువ్వు పాన్‌కేక్ చెయ్యకుండా ఉంటానేమోనని అనుమానపడ్డావు. చేశాను. నీ వాటా కూడా తినేశాను. గనిలో పని ఎలా ఉందో నువ్వు రాయనేలేదు. పైన చీకటి, కింద చీకటి, మధ్యలో భోజనం అని నేనే ఊహించుకుంటున్నాను.

నీ పోటీ మోటారుసైకిలు, అదే బండి, అమ్ముడుపోయిందా అని అడిగావు. లేదు. అవతలి ఒడ్డు నుంచి ఓడెక్కి ఒకాయన వచ్చాడు. గడ్డం నిండా ఆత్మవిశ్వాసం. బండి చుట్టూ ప్రదక్షిణ చేసి, కిందకి వంగి చూశాడు.

“ఇంజను ఇలా ముందుకు పడుకుందేంటండీ? ఎక్కడైనా గుద్దారా?”

“లేదు. పుట్టుకే అంత.”

“మిగతా బండ్లకి నిటారుగా ఉంటుంది కదా!”

“మిగతా బండ్లు మేం అమ్మడం లేదు.”

చలికి బ్యాటరీ చచ్చిపోయి ఉంది. సరే కిక్కు కొడతానని కుడివైపు నిలబడి, కాలు గాల్లోకి లేపి, ఎక్కడ పెట్టాలో తెలియక కొంగలా ఉండిపోయాడు.

“కిక్కు ఏదండీ?”

“అటుపక్క.”

“ఎడమవైపా! అక్కడెవరు పెట్టారు?”

“నేనైతే కాదు. చేసిన కంపెనీ మూతపడింది గానీ, లేకపోతే చిరునామా ఇచ్చేదాన్ని.”

పాపం, చెమటలు కక్కేదాకా కొట్టాడు. బండి దగ్గనైనా దగ్గలేదు. చూడలేక, కాస్త తప్పుకోమని నేను వెళ్ళాను. పిస్టను పైకొచ్చి అడ్డం పడేదాకా మెల్లగా నొక్కి, పిసరంత దాటించి, అప్పుడు బరువంతా వెయ్యాలని నువ్వు చెప్పిందే చేశాను. ఒక్క తన్నుకు లేచింది. ఆయన నన్ను చూశాడు, బండిని చూశాడు, ఆలోచించి ఫోన్ చేస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నట్టున్నాడు.

అక్టోబరులో జరిగిన బండ్ల పోటీ గురించి మీ అమ్మ ఇంకా నన్ను క్షమించలేదు. ఇన్నేళ్ళుగా నేను టైము రాసే బల్ల దగ్గర కూర్చుంటున్నా ఆవిడకి ఆ ఆట ఇప్పటికీ తలకెక్కలేదు.

“ముందొస్తే మంచిదే కదమ్మా! ఆసుపత్రికి ముందొచ్చారని ఎవరైనా తిడతారా?”

“ఇది ఆసుపత్రి కాదు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో నిమిషం రాసిపెట్టి ఉంటుంది. గీత ముందు ఆగి, ఆ నిమిషం వచ్చాకే దాటాలి. ఆలస్యమైనా తప్పే, ముందైనా తప్పే.”

“సొంత మనవరాలు దాటుతుంటే చెయ్యెత్తి ఆపలేకపోయావా?”

“బల్ల దగ్గర నాకు మనవలుండరు.”

“ఇంటికొచ్చాక మాత్రం ఉన్నారా,” అని గిన్నెలు అవసరానికి మించి గట్టిగా తోమింది.

బంధువులు కానివాళ్ళే టైము రాయాలంటే మన దీవిలో ఆ బల్ల దగ్గర గొర్రెల్ని కూర్చోబెట్టాలి. నేను చూడాల్సింది ముందు చక్రాన్ని. నీ ముందు చక్రం గీత దాటింది, నీ నిమిషం ఇంకా రాలేదు, రాశాను. దాంతో నీ మొదటి స్థానం పోయింది. రేపు మళ్ళీ కూర్చోబెట్టినా అదే రాస్తాను. ఈ విషయంలో నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను, అందుకే నీమీద కోపంగానూ ఉంది. నన్ను అనాల్సిన నాలుగు మాటలూ నీ చేతిని అన్నావు. విరిగి, ఇనుప పలక వేయించుకున్న చెయ్యి కాబట్టి నేరం దానిదే అని తేల్చేశావు. ‘ఇక దాన్ని నమ్మి క్లచ్చు అప్పగించలేను, బండి అమ్మేయండి’ అన్నావు. నేనూ నమ్మాను టూరున్. అమ్మడమే మంచిదని జవాబు రాశాను. ఆ జవాబు చించేయి.

నమ్మాను గానీ ఒక్కటి మాత్రం మనసులో గుచ్చుకుంటూనే ఉంది. గీత దాటిన క్షణంలో నీ మొహం చూశాను. తొందరపడినవాళ్ళ మొహం కాదది. వెనకనుంచి ఎవరో తోస్తే తిరిగి చూసేవాళ్ళ మొహం. నీ వెనక ఎవరూ లేరు.

ఇక నా సంగతి. కూర్చునే చదువుతున్నావు కదా? నేను నీ బండి నడుపుతున్నాను.

మొదట నడపాలనుకోలేదు. ఎవరైనా కొనడానికొస్తే లేవాలి కదా అని అప్పుడప్పుడు స్టార్టు చేసేదాన్ని. ఇంజను అలా ఎందుకు పడుకోబెట్టారన్న ఆలోచన అక్కడ పట్టుకుంది. నీ చిన్నప్పుడు నిన్ను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో తిరుగుతున్న సైకిలు చక్రం పెట్టి, వంచమన్నాను గుర్తుందా? అది మొండికేసి, నిన్ను కుర్చీతో సహా తిప్పేసింది. ఇంజను లోపల గిరగిరా తిరిగే బరువు కూడా అలాగే మొండికేస్తుంది. దాన్ని బండి నడిబొడ్డుకు జరిపితే మొండితనం తగ్గి, మలుపులో తేలిగ్గా ఒంగుతుందని ఆ కంపెనీవాళ్ళ లెక్క. లెక్క కాగితం మీద నాకు నచ్చింది. కానీ నలభై ఏళ్ళు పిల్లల చేత ప్రయోగాలు చేయించినదాన్ని, కాగితం చూసి ఊరుకుంటానా? బండ్ల క్లబ్బు సాధన దారి మన ఇంటి వెనక పచ్చికలోంచే పోతుంది. సభ్యులకు మాత్రమే అనుమతి. మీ తాతయ్య పోయాక కూడా నేను చందా ఆపలేదు, ఇన్నాళ్ళకు దాన్ని వాడుకున్నాను.

సీటు నాకు గుర్రం ఎత్తు. రాతిగోడ మీద నిలబడి ఎక్కుతాను. దిగాలన్నా గోడే కావాలి. కాబట్టి నా ప్రయాణం గోడ దగ్గర మొదలై గోడ దగ్గరే ముగుస్తుంది. మొదటి గేరు, ఎప్పుడైనా రెండోది. వాళ్ళ లెక్క నిజమే టూరున్! అంత బరువున్న బండి తలుపు గడియ తిరిగినంత తేలిగ్గా తిరుగుతుంది. నువ్వు దాన్ని ఎందుకు ప్రేమించావో మాటల్లో చెప్పలేకపోయేదానివి. నాకు ఇప్పుడు అర్థమైంది, నాకూ మాటలు రావడం లేదు. ఫిజిక్సు టీచరుకు ఇది సిగ్గుచేటు.

కిందటి శనివారం ఎప్పటికంటే ఎక్కువసేపు తిప్పాను. బురద లోతుగా ఉంది, ఇంజను బాగా కాగింది. దిగుదామని గోడ దగ్గరకొచ్చి, క్లచ్చు పట్టి ఆగాను. గోడ మీద కాలు పెడదామని చూస్తే గోడ వెనక్కి పోతోంది. గోడలు కదలవు కాబట్టి కదులుతున్నది నేనేనని తేల్చుకునేలోపు, తన గొర్రెలకు మేత వేస్తున్న పక్కింటి బోట్విడ్ అరిచాడు.

“క్లచ్చు నొక్కండి టీచరుగారూ!”

“నొక్కే ఉన్నానురా!”

“గట్టిగా!”

“ఇంకెంత గట్టిగారా, ఇక విరగ్గొట్టాలి!”

పాల గిన్నె వైపు పోయే పిల్లిలా మెత్తగా, ఏ చప్పుడూ మార్చకుండా పాకుతూ వెళ్ళి, వాడి కంచె పడగొట్టి, మేత తొట్టిలో ముందు చక్రం పెట్టి ఆగింది. నేను గడ్డిలో పడ్డాను. దెబ్బలేమీ లేవు, కళ్ళజోడు వంగింది. మీ అమ్మకు మెట్ల మీద జారానని చెప్పాను. నువ్వూ అదే చెప్పు.

బోట్విడ్ పరుగెత్తుకొచ్చి నన్ను లేపాడు. “డెబ్బై దాటాక ఇదేం పిచ్చండీ! స్కూల్లో నేను బెంచీ ఎక్కితే చెవి మెలేశారు.”

“నీ చెవి తర్వాత చూద్దాం. బండి ఎక్కు.”

“నేనా?”

“కాగి ఉండగానే ఎక్కరా, చల్లారిపోతుంది!”

గొర్రెల వీపు మీద గుర్తులేసే నీలం రంగుతో వాడి చేతే పచ్చిక మీద ఒక గీత గీయించాను. గీత ముందు గేరులో ఆగి, క్లచ్చు పూర్తిగా పట్టమన్నాను. వాడి చెయ్యి నీకు తెలుసు, పొట్టేలును ఒక్క చేత్తో కొమ్ము పట్టి ఆపుతాడు. క్లచ్చు లివరు హ్యాండిలుకు అంటుకుపోయింది. నేను వంగి, మధ్యలో కాగితం కూడా దూరదని చూశాను. బండి పాకింది. ముందు చక్రం నీలం గీత దాటింది. బోట్విడ్ తల తిప్పి వెనక్కి చూశాడు. ఆ రోజు నీ మొహం సరిగ్గా అదే.

“ఎవరు తోశారండీ?” అన్నాడు.

చల్లారాక మళ్ళీ చేయించాను. బుద్ధిగా నిలబడింది. మళ్ళీ కాగబెట్టి చేయించాను, మళ్ళీ పాకింది. మర్నాడు బోట్విడ్ క్లచ్చు లివరు దగ్గరుండే చిన్న నూనె డబ్బా విప్పాడు. లివరు నొక్కినప్పుడు లోపల క్లచ్చును తోసేది ఆ నూనే, దాన్ని ఆపి ఉంచే రబ్బరు వాషరు అరిగిపోయింది. వేడెక్కితే నూనె దాని పక్కనుంచి జారిపోతోంది. పైన లివరు పూర్తిగా పట్టినా లోపల క్లచ్చు సగమే విడుతోంది. న్యూట్రల్‌లో పెట్టుకుని ఉండాల్సింది కదా అని నిన్ను అడగబోయి మానేశాను. ఆ వేడిలో న్యూట్రల్ దొరకదు, నేనూ కాలితో వెతికి వెతికి వదిలేశాను.

కాబట్టి విను. ఆ రోజు గీత దాటింది బండి. నీ చెయ్యి, పలకా మేకులతో సహా, పట్టాల్సింది పట్టే ఉంది. రాసిన నిమిషం మాత్రం రాసినట్టే ఉంటుంది, చక్రం ఎందుకు దాటిందో అడిగే గడి ఆ కాగితంలో లేదు. అది పోయింది, పోనీ. చేతిని పోగొట్టుకోకు.

అమ్మకం ప్రకటన తీసేయించాను. నిన్ను అడగలేదు. నీకింకా అమ్మాలనే ఉంటే వసంతంలో నువ్వే స్వయంగా ఒక్కసారి నడిపి, దిగి, నా మొహం మీద చెప్పు. అప్పుడు అమ్ముతాను. చేతిని అడ్డం పెట్టుకుని చెబితే మాత్రం వినను.

ఇప్పుడు చిన్న పని. మీ ఊళ్ళో స్టేషను వెనక ఈ మూతపడ్డ కంపెనీ సామాన్లు ఇంకా అమ్మే షాపు ఉందని నువ్వే ఒకసారి చెప్పావు. అక్కడికి వెళ్ళి క్లచ్చు డబ్బా వాషరు అడుగు. ఒకటి కాదు, రెండు తీసుకో. దానికి పోసే నూనె సీసా కూడా తీసుకో, బ్రేకు నూనె అంటగడితే తీసుకోకు. అలాగే కళ్ళజోడు మీద పట్టే గాగుల్సు ఉంటే ఒకటి, ఆడవాళ్ళ సైజు. ఎవరికని అడిగితే అమ్మమ్మకని చెప్పు, నమ్మరు, ఫరవాలేదు. ఇవేవీ పోస్టులో పంపకు. వాషరు బిగించాలంటే హ్యాండిలు కింద ఇరుకులో ఎడమ చెయ్యి దూర్చి కదలకుండా పట్టుకోవాలట. బోట్విడ్ వేళ్ళు దూరవు, నావి వణుకుతాయి. సెలవుకు వచ్చేటప్పుడు నువ్వే పట్టుకురా.

ఇట్లు,
నీ ముందు చక్రం మీద ఎప్పుడూ ఓ కన్ను వేసి ఉంచే
అమ్మమ్మ గున్వోర్