మూడు గజాల రికార్డు

అనంతపురం, 2-3-1987

పూజ్యులు శ్రీరంగప్ప మామగారికి మేనల్లుడు జయరాముడి నమస్కారములు.

వక్తృత్వ పోటీలో నాకు బహుమానంగా వచ్చిన కంప్యూటరుకు హాస్టలులో చోటు లేక మీ మగ్గం గదిలో ఉంచాను. అది పనిచేస్తూ చేస్తూ ఆగిపోతున్నది. ఈ నెల ఇరవైలోగా సాక్ష్యం చూపితే కంపెనీ కొత్తది ఇస్తుంది, ఆపైన ఇవ్వదు. సాక్ష్యం లేని వాదన వాదనే కాదు. కనుక మీరు నేతకు కూర్చోగానే దానిని ఆన్ చేసి, ఆగినప్పుడల్లా తప్పక రికార్డు చేయండి. తరువాత స్విచ్చి ఆపి మళ్ళీ వేయండి.

విధేయుడు,
జయరాముడు

తా.క. దుమ్ము దానికి శత్రువు. నేను ఉంచినట్లే, తెర తప్ప అంతా ఎల్లవేళలా కంబళితో కప్పి ఉంచండి.

ధర్మవరం, 7-3-87

చిరంజీవి జయరాముడికి మామ దీవెనలు.

నువ్వు చెప్పినట్లే చేస్తాండా. రికార్డు మూడు గజాలయింది. ఒక్కటీ తప్పిపోలేదు. ఉతికినా చెరగదు.

శ్రీరంగప్ప

తా.క. మీ అత్త ఆంజినమ్మ పచ్చ కూడా వేస్తే బాగుంటాదంటాది. వేయాల్నా?

అనంతపురం, 9-3-1987

మామగారికి నమస్కారములు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రికార్డును పుటలతో కొలుస్తారు, గజాలతో కాదు. దానిని ఉతకవలసిన అవసరం ఏ తర్కానికీ అందదు. పచ్చ సిరా వద్దు, నీలం చాలు. అసలు మీరు ఏ పుస్తకంలో రాస్తున్నారు?

అయోమయంలో ఉన్న
జయరాముడు

తా.క. పుస్తకం ఉన్నది కదా?

ధర్మవరం, 12-3-87

చిరంజీవికి దీవెనలు.

పుస్తకమెందుకప్పా? చేతిలో పోగు నేసే నాడె పెట్టుకోని పెన్ను యాడ పట్టుకుందును? యంత్రం ఆగినప్పుడంతా నేసే చీరలో ఒక ఎర్రపోగు వేసినా. మా నాయన కాలం నుంచీ గుర్తులు పోగులోనే పెట్టుకుంటాము. కరెంటు పోతే పచ్చపోగు. నీ నీలం ఈ చీరకు పొసగదు.

శ్రీరంగప్ప

తా.క. ఇది కదిరి లక్ష్మక్క కూతురి పెండ్లిచీర. వారంలో ఇచ్చేయాల.

అనంతపురం, 14-3-1987

మామగారికి,

అది చీర కాదు, సాక్ష్యం. ఎవరినీ కట్టనివ్వకండి. పంతొమ్మిదిన కంపెనీ ఇంజనీరు మీ ఇంటికి వస్తాడు. ఆనాడు నాకు పోటీ ఉన్నది కనుక నా పక్షాన మీరే పరచి చూపండి.

జయరాముడు

తా.క. పెండ్లిచీరతో కంపెనీని ఓడించవలసి వస్తుందని ఏ వేదిక మీదా అనుకోలేదు. అయినా ఓడిస్తాను.

ధర్మవరం, 25-3-87

చిరంజీవికి దీవెనలు.

ఇంజనీరు వచ్చినాడు. చీర మంచం మీద పరిచినా. చానాసేపు చూసి, “ఏమప్పా, ఎర్రపోగులు బెత్తెడుకొకటి ఇంత సమంగా వచ్చినాయే?” అన్నాడు. నా చెయ్యి ఎప్పుడూ ఒకే పోకడ కదా, అన్నా. “అయితే మీ యంత్రం లెక్కగా ఒకే సేపటికి వేడెక్కి ఆగుతాండాది” అని, దాని మీది కంబళి లాగేసినాడు. “ఇది కప్పమని చెప్పిన తెలివైనోడు ఎవరు?” అన్నాడు. నీ మొదటి ఉత్తరంలోని తా.క. చూపించినా.

కంబళి తీసినప్పటి నుంచి యంత్రం ఒక్కసారీ ఆగలేదు. కొత్తది ఇయ్యరంట.

శ్రీరంగప్ప

తా.క. పెండ్లిలో ఆ చీర చూసి, అట్లాంటిదే కావాలని కదిరి నుంచి ఇద్దరు వచ్చినారు. యంత్రం ఆగకుంటే ఎర్రపోగు ఎప్పుడు వేయాల్నో నాకు తెలీడంలేదు. కంబళి మళ్ళీ కప్పేదా? వెంటనే జాబు రాయి.